పందొమ్మిదో ఫారం

బైండింగ్ షాపు, మేడ మీద
జూన్ 4

పిచ్చుకా,

బతికే ఉన్నావా వదినా అని నువ్వు దెప్పకముందే రాస్తున్నాను. అందరం కులాసా. రోజూ పొద్దున్నే నడుస్తానని మీ అన్నయ్య కొత్త బూట్లు కొన్నాడు. నెల రోజులుగా అవి గుమ్మం దగ్గరే నిలబడి ఎదురు చూస్తున్నాయి. మీ నాన్నగారు ఇప్పటికీ నీ పేరెత్తరు. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చుంటారు.

అసలు సంగతికొస్తాను. మా షాపుకి కుట్టడానికి ఒక నవల వచ్చింది. పేరు 'ఏడు తాళాల కోట'. రాసినావిడ పేరు నేనెప్పుడూ వినలేదు. మడత పెడుతూ ఒక లైను చదివాను, ఇంకో లైను చదివాను, "ఏమ్మా, మడత పెడుతున్నావా, పరీక్షకి చదువుతున్నావా?" అని మా యజమాని వచ్చి అడిగేదాకా ఒళ్ళు తెలియలేదు. ఒక కోట, దానికి ఏడు తలుపులు, ఆ తలుపులకి తాళాలు చేసే ఆడమనిషి. అందరూ తాళాలామె అంటారు. ఆమెకీ ఆ కోట యువరాణికీ ప్రేమ! ఎక్కడా నసుగుడు లేదు, మొదటి పేజీలోనే చెప్పేసింది మహాతల్లి. చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ఇంకెవరు గుర్తొస్తారు నాకు?

ప్రెస్సువాళ్ళు కొన్ని కాగితాలు ఎక్కువ కొట్టారు. పదహారు పేజీలకి ఒక ఫారం, మొత్తం ఇరవై రెండు ఫారాలు. నేను చదివినవి చదివినట్టు నీకు పోస్టు చేస్తాను. ఇప్పటికి మూడు పంపుతున్నాను. చదివి పారేయకు, వరసగా పేర్చుకో. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు చూపించాను, గుర్తుందా? ఫారం వెన్ను మీద చిన్న నల్ల గీత ఉంటుంది, ఒక్కో ఫారానికీ కాస్త కిందికి దిగుతూ. అన్నీ పేరిస్తే మెట్లలా కనిపించాలి. మెట్టు తెగిందంటే ఫారం తగ్గినట్టే. అన్నీ చేరాక వెనక్కి పంపు, కుట్టి అట్ట వేసి ఇస్తాను.

షాపులో గోడ గడియారం ఇంకా పదీ ఇరవై దగ్గరే ఉంది. బాగు చేయించమని యజమాని పోరు పెడతాడు. ఎందుకులెండి, అందరికీ ఫోన్లున్నాయిగా అంటాను.

నీ వదిన


కళ్ళద్దాల షాపు, వెనక గది
జూన్ 15

వదినా!

ఏం పుస్తకం పంపావే నాకు! సారీ, 'వే' అనేశాను, అంత ఆవేశంలో ఉన్నాను. మధ్యాహ్నం డబ్బా తినే టైములో చదువుదామని మొదలుపెట్టాను. డబ్బా మూత తియ్యనేలేదు. తర్వాత ఒకాయనకి అద్దాలు చెక్కడానికి కూర్చుంటే మనసంతా కోటలోనే. గుండ్రటి ఫ్రేముకి చెక్కాల్సిన అద్దం కోడిగుడ్డులా తయారైంది. మా షాపాయన చూసి దండం పెట్టాడు.

నేను అద్దాలు చెక్కుతాను, ఆ తాళాలామె తాళాలు చెక్కుతుంది. అందుకేనేమో ఆవిడంటే పిచ్చి ప్రేమ పుట్టింది. యువరాణి తాళం చెవి తిరిగి ఇవ్వడానికి వచ్చి ఇవ్వకుండా నిలబడిపోతుంది చూడు, ఆ చోటు మూడుసార్లు చదివాను. ఇన్నేళ్ళు ఎన్ని ప్రేమకథలు చదివాను వదినా! ఎప్పుడూ పక్కింటి కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టే ఉండేది. ఇప్పుడు మొదటిసారి మా ఇంట్లోకి వచ్చినట్టుంది.

కానీ మూడో ఫారం చివర, వాళ్ళిద్దరి ఉత్తరాలూ మంత్రి పళ్ళెంలో కనిపించాయి చూశావా, అక్కడ పుస్తకం మూసేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. ఎందుకో నీకు తెలుసు.

నీకు తప్ప ఇది ఇంకెవరికి రాస్తాను? మన వీధి చివర గడియారాల షాపులో కూర్చునే తనకి నేను రాసిన ముప్పై ఒక్క ఉత్తరాలు. నా పుట్టినరోజుకి వాటిని చిన్న పుస్తకంగా కుట్టించి ఇవ్వాలని తను నీ చేతికే ఇచ్చింది. నువ్వు కుట్టి తనకి తిరిగి ఇచ్చేశావు. వారం తిరక్కుండా అది నాన్న బల్ల మీద ఉంది. గది అద్దెకి తీసుకుందాం, నా గడియారాలూ నీ అద్దాలూ ఒకే బల్ల మీద పెట్టుకుందాం అన్న మనిషి, భయపడి, నన్ను వదిలించుకోడానికి నాన్నకే అప్పజెప్పింది. నాన్న తిట్లు భరించి ఇల్లు వదిలానని అందరూ అనుకుంటారు. నాన్న తిట్లు నాకు లెక్కా? నేను పారిపోయింది తన నుంచి. ఆరేళ్ళయింది. ఇప్పటికీ గడియారాల షాపు కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి పోతాను.

సరే, ఏడిచింది చాలు. ఆ కోటలో ఆ పని ఎవరు చేశారో నాకు తెలియాలి. మిగతా ఫారాలు త్వరగా పంపు.

నీ పిచ్చుక


బైండింగ్ షాపు, మేడ మీద
జులై 2

పిచ్చుకా,

ఎనిమిది ఫారాలు పంపుతున్నాను, అంటే పదకొండు దాకా. డబ్బా తిన్నాకే విప్పు. ఖాళీ కడుపుతో చదివితే ఊరుకోను.

పందెం కాద్దామా? నా అనుమానం వంటాయన మీద. ప్రతి ఫారంలోనూ గుమ్మం దగ్గర ఏదో ఒక గరిట పట్టుకుని ప్రత్యక్షమవుతాడు, ఎవరూ పిలవకుండానే. యువరాణికి చదువు చెప్పే గురువు కూడా తక్కువవాడు కాదు. మరీ తియ్యగా మాట్లాడేవాళ్ళని నేను నమ్మను. మీ అన్నయ్యని చూడు, పొద్దున్నుంచీ తియ్యగా మాట్లాడుతున్నాడంటే టీ కప్పు పగలగొట్టాడని అర్థం.

పాత సంగతులు తవ్వకు. ఒంటికి మంచిది కాదు. కథని కథలాగే చదువు.

నీ వదిన


కళ్ళద్దాల షాపు, వెనక గది
జులై 29

వదినా,

పద్దెనిమిది దాకా అయిపోయాయి! నిన్నటి పార్సిలు రాగానే షాపు వెనక గదిలో దూరి తలుపేసుకున్నాను. మా షాపాయన తలుపు కొట్టి "కడుపు నొప్పా?" అని అడిగాడు. అవునన్నాను.

పందెం కాస్తున్నాను. గురువే. గెలిస్తే ఈ పుస్తకానికి ఎర్ర అట్ట వెయ్యాలి నువ్వు.

వదినా, దీపాలామె గురించి నువ్వొక్క ముక్కా రాయలేదేం? నాకైతే ఈ నవలంతా ఆవిడ చుట్టూనే తిరుగుతోంది. రాణివాసంలో దీపాలు పెట్టుకుంటూ తిరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఇద్దరి ఉత్తరాలూ చేతులు మార్చేది ఆవిడే, దీపస్తంభం లోపల దాచేది ఆవిడే, ఎవరైనా వస్తుంటే దగ్గేది ఆవిడే. ఆవిడ లేకపోతే ఆ ఇద్దరూ రెండో ఫారంలోనే ఉరికంబం ఎక్కేవారు. చదువుతున్నంతసేపూ నువ్వే. నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో, నేను ఆలస్యంగా వస్తే "నాతో బజారుకొచ్చింది మావయ్య గారూ" అని ఎన్నిసార్లు కాపాడావో! నా నోట తన పేరు మొదట విన్నది నువ్వే. అప్పుడు నువ్వు చేతిలో దారం అలాగే పట్టుకుని, "సరే, అయితే ఆవిడకి టీలో చక్కెర ఎంత?" అన్నావు. ఆ మాట చాలు వదినా, ఈ జన్మకి.

పద్దెనిమిదో ఫారం ఎక్కడ ఆగిందో చూశావా? తాళాలామె దీపస్తంభంలో చెయ్యి పెట్టింది, వేళ్ళకి ఏదో తగిలింది, 'అది ఎవరిదో ఆమెకి' అని ఉంది, అంతే, ఫారం అయిపోయింది! చంపేస్తావా నన్ను? పందొమ్మిది పంపు. రేపే పంపు.

నీ పిచ్చుక


బైండింగ్ షాపు, మేడ మీద
ఆగస్టు 20

పిచ్చుకా,

ఆలస్యమైంది. ఏమీ అనుకోకు, షాపులో పని ఎక్కువగా ఉంది.

ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు పంపుతున్నాను. పందొమ్మిదో ఫారం మీద జిగురు డబ్బా ఒలికింది. అతుక్కుపోయి విప్పడానికి రాలేదు, పారేశాను. మిగతా కాపీలన్నీ కుట్టేసి పంపించేశాం. అందులో ఏముందో నేను చెబుతాను, నీకేం లోటుండదు.

ఉత్తరాలు మంత్రికి ఇచ్చింది యువరాణే. సింహాసనం చేజారిపోతుందని భయం వేసింది ఆమెకి. దీపస్తంభంలో తాళాలామెకి దొరికింది యువరాణి ఉంగరం. ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకుంటారు. అంతే. తర్వాత ఇరవయ్యో ఫారంలో ఏడో తలుపు దగ్గర కూర్చుంటారు, అది నువ్వే చదువుకుంటావు.

పందెం ఇద్దరం ఓడిపోయాం. అట్ట ఏ రంగు కావాలంటే అది వేస్తాను.

నీ వదిన


కళ్ళద్దాల షాపు, వెనక గది
సెప్టెంబరు 3

వదినా,

నవల అయిపోయింది. మూడు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆఖరి పేజీలో ఏడు తలుపులూ బార్లా తీసి ఉంటాయి, తాళాలామె చేతిలో ఒక్క తాళం కూడా ఉండదు. ఆ బొమ్మ నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

ఒక్క సందేహం. ఇరవయ్యో ఫారం నుంచి దీపాలామె కనిపించదేం? కోటలో దీపాలు కూడా వెలగవు, ఎవరూ ఎందుకని అడగరు. ఆవిడకేమైంది? నువ్వు చెప్పడం మర్చిపోయావు.

సరే, అది కాదు నేను చెప్పాలనుకున్నది. యువరాణి అంత పని చేస్తే, తాళాలామె ఆమె పక్కన కూర్చుని "జరిగిందేదో జరిగింది, చలిగా ఉంది, దగ్గరికి రా" అంటుంది చూడు. చదివి భోరున ఏడ్చాను. ఆరేళ్ళుగా నేను ఈ మాట అనలేకపోయానే అనిపించింది. తనకీ భయమే వేసి ఉంటుంది. మా నాన్నని చూస్తే ఎవరికి వెయ్యదు? భయపడిన మనిషిని ఇంతకాలం శిక్షించాను.

తనకి ఉత్తరం రాస్తాను వదినా. క్షమించానని రాస్తాను. షాపు ఇంకా మీ వీధి చివరే ఉందా? ఎప్పుడైనా నా గురించి అడిగిందా? నిజం చెప్పు, బాధపడను.

నీ పిచ్చుక


బైండింగ్ షాపు
సెప్టెంబరు 9

పిచ్చుకా,

రాయకు. నా మాట విను.

ఆ షాపు ఎప్పుడో మూసేశారు. ఆవిడ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నీ గురించి ఎప్పుడూ అడగలేదు. నవల చదివి నిర్ణయాలు తీసుకునే వయసా నీది?

దీపాలామెకి జ్వరమొచ్చి సొంత ఊరు వెళ్ళిపోయింది. పెద్ద విషయం కాదు కాబట్టి రాయలేదు.

ఫారాలు పంపించు, కుట్టేస్తాను.

వదిన


కళ్ళద్దాల షాపు, వెనక గది
సెప్టెంబరు 24

వదిన గారికి,

నిన్న మా షాపుకి రిటైరైన టీచరుగారొకరు వచ్చారు. దగ్గరి చూపు అద్దాలు. గోడ మీద అక్షరాల అట్ట అందరికీ కంఠతా వచ్చేసింది కాబట్టి, మేము అద్దాలు పెట్టి, మీ సంచిలో ఏదైనా పుస్తకం ఉంటే తీసి చదవండి అంటాం. ఆవిడ తీశారు. 'ఏడు తాళాల కోట'. గుర్తు పెట్టుకున్న చోట తెరిచి గట్టిగా చదివారు. రెండువందల తొంభై ఒకటో పేజీ.

"ఆ ఉత్తరాలు మంత్రికి ఇచ్చింది నేనే," అంది దీపాలామె. "మీరిద్దరూ వెళ్ళిపోతే ఈ కోటలో నాతో మాట్లాడేవాళ్ళు ఎవరు?"

"బాగా కనిపిస్తున్నాయమ్మా అక్షరాలు," అన్నారు టీచరుగారు. ఇంకాస్త చదవండి అన్నాను. చదివారు. ఇంకాస్త అన్నాను. పాపం, ఎంత శ్రద్ధగా పరీక్ష చేస్తున్నానో అనుకున్నారావిడ. దీపస్తంభంలో దొరికింది ఉంగరం కాదట, ఒత్తులు కత్తిరించే కత్తెరట. యువరాణికి ఏ పాపమూ తెలియదట. నాలుగు పేజీలయ్యాక నా మొహం చూసి, "నువ్వు కూర్చోమ్మా," అని స్టూలు ఆవిడే జరిపారు.

నవల కథ మార్చి చెబితే ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. నేనూ నవ్వుదామనే చూశాను. మీరు మార్చింది ఒక్క మనిషినే. ఎందుకు మార్చారు? దీపాలామె మీద అంత జాలి ఎందుకు?

సాయంత్రం ఇంటికెళ్ళి ఆరేళ్ళ నాటి రోజుని మొదటి నుంచి చివరి దాకా తలుచుకున్నాను. పుస్తకం తనే ఇచ్చిందని నాన్న నాతో అన్నారా? లేదు. తను అందా? లేదు. "తనేనా?" అని నేను మిమ్మల్ని అడిగాను. మీరు తల ఊపారు. అంతే. ఆ ఒక్క తల ఊపు మీద నేను ఊరు వదిలాను, తనని వదిలాను.

నాన్న బల్ల మీద ఆ పుస్తకం పెట్టింది ఎవరు? ఒక్క ముక్కలో రాయండి. మీ అన్నయ్య బూట్లూ మీ యజమాని కబుర్లూ నాకు వద్దు.

(పైన 'మీ అన్నయ్య' అని మీలాగే రాసేశాను. ఆయన నాకు అన్నయ్య. మీతో ఎంత కలిసిపోయానో చూడండి.)


ఇల్లు, వంటగది
అక్టోబరు 1

పిచ్చుకా,

నేనే.

ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను. మిగతాది చదవాలనిపించకపోతే చించెయ్.

ఆ పుస్తకం కుట్టడం అయిపోయింది. ఆవిడకి తిరిగి ఇవ్వలేదు. కుట్టేటప్పుడు చదవకూడదనుకున్నాను, చదివాను. ముప్పై ఒక్క ఉత్తరాల్లో నీ మాట వేరు. ఆవిడతో మాట్లాడినట్టు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు నువ్వు. ఆఖరి ఉత్తరంలో గది చూశామని, వచ్చే నెల వెళ్ళిపోదామని ఉంది. నాకు చెప్పనే లేదు. మీ ఇంట్లో నాతో మనిషిలా మాట్లాడేది నువ్వొక్కదానివే. మీ అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి పేపరు, మీ నాన్నగారు పొద్దున్నుంచీ పేపరు. నువ్వు వెళ్ళిపోతే నేనేమైపోవాలి అనిపించింది. మీ నాన్నగారు చూస్తే ఓ వారం కేకలేస్తారు, నువ్వు ఆగిపోతావు, తర్వాత అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఒట్టు.

నువ్వు "తనేనా?" అని అడిగినప్పుడు తల దానంతటదే ఊగింది. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి నువ్వు లేవు.

ఇంకా ఉంది. ఆవిడ షాపు మూతపడలేదు. మా వీధి చివరే ఉంది. నీ అడ్రసు కోసం ఏడాదికోసారి మా షాపు మెట్లెక్కుతుంది, నాకు తెలియదంటాను. వెళ్తూ వెళ్తూ గోడ గడియారం చూసి, "దించి ఇవ్వండి, బాగుచేస్తాను," అంటుంది. ఈ వీధిలో గడియారాలు చేసేది ఆవిడొక్కతే. ఇస్తే తిరిగివ్వడానికి ఆవిడ మళ్ళీ వస్తుందని ఇవ్వలేదు. నీకివ్వమని ఆవిడ నా చేతిలో పెట్టిన ఉత్తరాలు ఐదు. ఒక్కటీ విప్పలేదు. ఈసారి చదవలేదు, నమ్మకపోయినా సరే.

ఫారాలు పంపడం మొదలుపెట్టినప్పుడు అందులో ఏముందో నాకు తెలియదు. సంతోషపడతావని పంపాను. పందొమ్మిది చదివిన రోజు కుట్టు సూది వేల్లో దిగింది. జిగురేమీ ఒలకలేదు. ఇన్నాళ్ళూ నా సంచిలోనే తిరిగింది. ఆ ఫారమూ, ఐదు ఉత్తరాలూ దీంతో పంపుతున్నాను.

తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. ఉత్తరాలు మాత్రం ఆపకు పిచ్చుకా.

వదిన


కళ్ళద్దాల షాపు, వెనక గది
అక్టోబరు 19

వదిన గారికి,

పోయిన ఆదివారం మీ ఊరొచ్చాను. మీ వీధి చివరి దాకా వచ్చాను. ఇంటికి రాలేదు.

తను కంటికి భూతద్దం బిగించుకుని పని చేసుకుంటోంది. తల ఎత్తి చూసింది, భూతద్దం తియ్యలేదు. జుట్టు సగం నెరిసిపోయింది. నేను నిలబడే చెప్పాను, పందొమ్మిదో ఫారం నుంచి మొదలుపెట్టి మీ ఉత్తరం దాకా. చేతిలో పని ఆపకుండా విన్నది. అంతా అయ్యాక, "మీ వదిన అబద్ధం చెప్పింది, సరే. ఆరేళ్ళలో నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదేం?" అంది.

క్షమించానని రాయబోయాను నేను తనకి! నా మొహానికి ఆ మాటొకటి. మీరు తల ఊపారు, నేను నమ్మేశాను. మీరు చేసింది మీ తప్పు. నమ్మింది నాది. నన్ను కూడా మీ పక్కనే నిలబెట్టారు చూడండి, దానికి మిమ్మల్ని క్షమించలేను.

వచ్చేటప్పుడు రిపేరు చీటీ ఒకటి తీసి నా ముందుకు తోసింది, అడ్రసు రాయమని. రాశాను. వస్తానని అనలేదు, రాననీ అనలేదు. చీటీ డ్రాయరులో వేసి తాళం పెట్టింది. ఐదు ఉత్తరాలూ చదివాను. వాటిలో ఏముందో మీకు చెప్పను.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. ఆ నవల చదివిన మూడు నెలలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే చిన్నపిల్లలా పరిగెత్తేదాన్ని. ఆరేళ్ళలో అంత నవ్వలేదు. అదీ మీరు పెట్టిన భిక్షే. దాన్ని మర్చిపోదామంటే కుదరట్లేదు, అందుకే కడుపు మండిపోతోంది.

ఇరవై ఒక్క ఫారాలు వెనక్కి పంపుతున్నాను. పందొమ్మిది నా దగ్గరే ఉంటుంది. కుట్టుకోండి, ఎర్ర అట్ట వేసుకోండి. కుట్టేముందు వెన్ను ఒకసారి చూసుకోండి, మెట్టు ఎక్కడ తెగిందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. నాన్నకి పేపరు తిన్నగా పట్టుకోమని చెప్పండి. ఇంక నా ఉత్తరాలు రావు.

గోడ గడియారం బాగు చేయించుకోండి. నా అడ్రసు కోసం తను మళ్ళీ మీ మెట్లెక్కదు.

మీ ఆయన చెల్లెలు